మెడలో చీటీ: ఒక విశ్వాసం గల కుక్క కథతో పిల్లలకు అర్థం చేసుకుని చదవడం నేర్పడం



మన రాజపాళయంలో తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష. గడప దాటితే తమిళం. బడిలో ఈ రెండింటికీ తోడు ఇంగ్లీషు. మూడు లిపులు ఒకేసారి నేర్చుకుంటున్న పిల్లలు తెలుగు వాచకం తీసి గడగడా చదివేస్తే ఇంట్లో అందరికీ సంతోషమే. కానీ ఆ పేజీ అయిపోగానే పుస్తకం మూయించి, "ఇప్పుడు చదివిందేంటో నీ మాటల్లో చెప్పు" అని అడిగి చూడండి. కొందరు మొదటి వాక్యాన్నే మళ్ళీ అప్పజెప్తారు. కొందరు మన మొహం చూస్తారు. అక్షరం వచ్చింది, అర్థం ఇంకా రాలేదు.

ఆ రెండోది నేర్పడం ఎలా అన్నదే ఈ వ్యాసం. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలున్న ఇళ్ళ కోసం, ఒకే ఒక్క కుక్క కథను పట్టుకుని, దాన్ని వారం రోజులు ఎలా చదివించాలో ఇక్కడ వరసగా చెప్తున్నాం. కథ కూడా ఇక్కడే ఉంది. వేరే పుస్తకం వెతుక్కోవక్కర్లేదు.

చదవడం అంటే రెండు పనులు

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడాన్ని ఒక చిన్న లెక్కగా చెప్పారు. అక్షరాలను మాటలుగా పలకగలగడం ఒకటి. ఆ భాషను విని అర్థం చేసుకోగలగడం రెండోది. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే అర్థవంతమైన చదువు. ఇక్కడ కూడిక కాదు, గుణకారం అని గమనించండి. కూడిక అయితే ఒకటి లేకపోయినా ఇంకొకటి మిగులుతుంది. గుణకారంలో ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. గుణింతాలు, వత్తులు అన్నీ వచ్చి మాటలకు అర్థం తెలియని పిల్లకూ, తెలుగు బ్రహ్మాండంగా మాట్లాడుతూ అక్షరం రాని పిల్లవాడికీ చివరికి చేతికొచ్చేది ఒకటే.

దేశంలో 2021లో మొదలైన నిపుణ్ భారత్, మన రాష్ట్రంలో 2022లో మొదలైన ఎణ్ణుమ్ ఎళుత్తుమ్ పథకాలు రెండూ ఈ చిన్న వయసు చదువు కోసమే వచ్చాయి. మూడో తరగతి అయ్యేలోపు పిల్లలు అర్థం చేసుకుంటూ చదవగలగాలన్నది వాటి ఉద్దేశం. ఎందుకంటే మూడో తరగతి దాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు. నాలుగు నుంచి చదివి నేర్చుకోవాలి. ఆ మలుపు దగ్గర వెనకబడితే లెక్కలూ సైన్సూ కూడా వెనకబడతాయి, ఎందుకంటే లెక్క కూడా ముందు ఒక వాక్యమే కదా.

మన పిల్లలకు చిక్కు ఎక్కడ వస్తుంది

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు ఉండాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చెప్తుంది. 1956లో ఏడో సవరణతో దాన్ని చేర్చారు. మరోవైపు 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం రాష్ట్రంలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి. తమిళం మన పిల్లలకు కావాలి, అందులో సందేహం లేదు. అయితే బడి గంటలు మాత్రం పెరగవు. కాబట్టి తెలుగు చదువులో ఇంటి వాటా ఎక్కువగా ఉండాలి. ఆ వాటా తీసుకునే ముందు మన పిల్లలకు ప్రత్యేకంగా వచ్చే మూడు చిక్కులు తెలుసుకుందాం.

మొదటిది లిపి. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. త, ద రెండింటికీ ఒకే అక్షరం. ఖ, ఘ, థ, ధ లాంటి వాటికి వేరే అక్షరాలే లేవు. తెలుగులో "కథ" వేరు, "గద" వేరు. తమిళ లిపిలో ఈ రెండు మాటల్నీ రాస్తే ఒకేలా ఉంటాయి. అలవాటైన కన్ను ఒక అక్షరాన్ని చూసి ఇంకొకటి పలికితే అది బద్ధకం కాదు. కన్ను ఇంకా కొత్త తేడాలు నేర్చుకుంటోందంతే.

రెండోది ఒకేలా వినిపించే మాటలు. తెలుగులో "అవసరం" అంటే కావలసి రావడం. తమిళంలో అదే మాటకు తొందర అని అర్థం. తెలుగులో "పసి" అంటే చిన్న, లేత. "పసిబిడ్డ" అంటాం. తమిళంలో "పసి" అంటే ఆకలి. "ఉయ్యాలలో పసిబిడ్డ ఉంది" అని చదివిన పిల్ల, ఉయ్యాలలో ఆకలిగా ఉన్న బిడ్డ ఉందనుకుంటుంది. తప్పుగా చదవలేదు, ఇంకో భాషలో చదివింది. ఇలాంటి మాటలు కథలో వచ్చినప్పుడు ముందే చెప్పి, రెండు భాషల్లో పక్కపక్కన పెట్టండి. పిల్లలకు అది పొడుపు కథలా సరదాగా ఉంటుంది.

మూడోది ఇంటి తెలుగు, పుస్తకం తెలుగు. మన పెద్దలు తరాల కిందట ఇక్కడికి వచ్చినప్పుడు తెచ్చుకున్న తెలుగు, తమిళంతో కలిసి తన దారిలో పెరిగింది. వాచకం భాష వేరే దారిలో పెరిగింది. పుస్తకంలో మాట తెలియలేదంటే "నీకు తెలుగు రాదు" అనకండి. "మన ఇంట్లో దీన్ని ఏమంటాం?" అని అడగండి. ఇంటి మాట తప్పు కాదు. దాన్నుంచే పుస్తకం మాటకు దారి వేయాలి.

కుక్క కథే ఎందుకు

రాజపాళయం పేరు చెప్తే దేశంలో చాలామందికి ముందు గుర్తొచ్చేది తెల్ల కుక్క. మన పిల్లలకు ఆ బొమ్మ కళ్ళ ముందు ఉంటుంది. తెలిసిన దాని గురించి చదివితే అర్థం త్వరగా అందుతుంది. ఇక ఈ కథ ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. అప్పుకు తాకట్టు పెట్టిన కుక్క కథను దేశంలో చాలాచోట్ల చెప్పుకుంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని బాలోద్ జిల్లా ఖప్రీ గ్రామంలో ఉన్న కుకుర్‌దేవ్ గుడి వెనక ఉన్నది కూడా ఇలాంటి కథే. అక్కడ కుక్క యజమాని ఒక బంజారా. ఈ కథలో కష్టమంతా ఒక మనిషి చదవాల్సినదాన్ని చదవకుండా తొందరపడటం వల్ల వస్తుంది. చదవడం ఎందుకు నేర్చుకోవాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ దొరకదు.

కింద దాన్ని మన ప్రాంతానికి తగ్గట్టు, చిన్న వాక్యాలతో మళ్ళీ రాశాం.

కథ: మెడలో చీటీ

పూర్వం ఒక ఊళ్ళో ఒక పత్తి వ్యాపారి ఉండేవాడు. అతని దగ్గర ఒక తెల్ల కుక్క ఉండేది. దాని పేరు మల్లి. వ్యాపారి బండి ఎక్కడికి పోతే మల్లి అక్కడికి పోయేది. రాత్రిళ్ళు బండి కింద పడుకుని కాపలా కాసేది.

ఒక ఏడు వానలు పడలేదు. పత్తి పండలేదు. వ్యాపారికి డబ్బు అవసరమైంది. పక్క ఊరి షావుకారు దగ్గరికి వెళ్ళి వంద రూపాయలు అప్పు అడిగాడు.

"తాకట్టు ఏం పెడతావు?" అన్నాడు షావుకారు.

వ్యాపారి దగ్గర బంగారం లేదు. పొలం లేదు. "నా కుక్కను పెడతాను. అప్పు తీర్చేదాకా ఇది మీ ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. వంగి మల్లి తల నిమిరాడు. "నేను వచ్చేదాకా ఈ ఇల్లు వదిలి రావద్దు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మల్లి గుమ్మం దగ్గర కూర్చుంది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నుంచి ఆ ఇంటికి కాపలా కాయడం మొదలుపెట్టింది.

ఒక రాత్రి షావుకారు ఇంట్లో దొంగలు పడ్డారు. వాళ్ళు నలుగురు. మల్లి మొరగలేదు. చప్పుడు చేయకుండా వాళ్ళ వెనకే వెళ్ళింది. దొంగలు నగల మూటను చెరువు గట్టు పక్కన మట్టిలో పాతిపెట్టి వెళ్ళిపోయారు.

తెల్లవారింది. ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు. మల్లి షావుకారు పంచె చెంగు పట్టి లాగింది. అతను వెంట నడిచాడు. గట్టు పక్కన మల్లి కాళ్ళతో మట్టి తవ్వింది. మూట బయటపడింది.

షావుకారు కళ్ళు తడిశాయి. ఒక చీటీ రాశాడు: "నీ కుక్క నా సొత్తు కాపాడింది. నీ అప్పు తీరిపోయింది. దీన్ని నేనే పంపిస్తున్నాను." ఆ చీటీని మల్లి మెడకు కట్టాడు. "ఇక నీ యజమాని దగ్గరికి వెళ్ళు" అన్నాడు. మల్లి పరుగందుకుంది.

అదే రోజు వ్యాపారి డబ్బు మూట కట్టుకుని షావుకారు ఊరికి బయలుదేరాడు. దారిలో మల్లి ఎదురొచ్చింది. తోక ఊపుతూ మీదికి దూకింది. వ్యాపారి ముఖం మాడిపోయింది.

"నా మాట కాదని పారిపోయి వచ్చావు. నా పరువు తీశావు" అంటూ చేతికర్రతో గట్టిగా కొట్టాడు. మల్లి కింద పడింది. మళ్ళీ లేవలేదు.

అప్పుడు అతనికి మెడలోని చీటీ కనిపించింది. విప్పి చదివాడు.

వ్యాపారి ఆ దారి పక్కనే గుంట తవ్వి మల్లిని పాతిపెట్టాడు. దాని మీద ఒక రాయి నాటించాడు. ఆ రాయి మీద కొన్ని మాటలు చెక్కించాడు.

రోజుకు ఇరవై నిమిషాలు, ఐదు రోజులు

ఒకే కథను ఐదు రోజులు చదివితే విసుగు రాదా అని మీకు అనిపించవచ్చు. ప్రతి రోజూ పని వేరు కాబట్టి రాదు.

మొదటి రోజు: వినడం. మీరో, అక్కో, తాతయ్యో కథ చదివి వినిపించాలి. "ఈ ఇల్లు వదిలి రావద్దు" దగ్గర ఆపి, "తర్వాత ఏమవుతుంది?" అని అడగండి. మళ్ళీ చీటీ మెడకు కట్టిన చోట ఆపండి. పిల్లలు ఏం చెప్పినా "ఎందుకలా అనుకున్నావు?" అని మాత్రం అడగండి. ఊహ తప్పయినా ఫరవాలేదు. ఊహించిన పిల్ల తర్వాతి వాక్యాన్ని చెవులు రిక్కించి వింటుంది.

రెండో రోజు: మాటలు. తాకట్టు, షావుకారు, కాపలా, సొత్తు, పరువు, చెంగు. ఈ ఆరు మాటలకూ నిఘంటువు అర్థం రాయించకండి. "మన ఇంట్లో తాకట్టు పెట్టడం అంటే ఏంటి? నగలు ఎక్కడ పెడతారు?" అని మాట్లాడండి. "అవసరం" దగ్గర ఆగి తమిళ అర్థంతో పోల్చండి. ముఖ్యంగా "విశ్వాసం" అనే మాట గమనించండి. ఇది కథలో ఎక్కడా లేదు. తెలుగులో కుక్కకు విశ్వాసం ఉందంటాం. తమిళంలో కుక్కను నన్ఱి ఉన్న జంతువు అంటారు, అంటే మేలు మరవనిది అని. మల్లికి ఏ మాట బాగా సరిపోతుందో పిల్లల్నే అడగండి. తన యజమాని అన్నం పెట్టాడని కృతజ్ఞతా, లేక చెప్పిన మాట నిలబెట్టిన నమ్మకమా? రెండింటికీ కథలో ఆధారాలు దొరుకుతాయి.

మూడో రోజు: సొంతంగా చదవడం. ఈసారి పిల్లలే చదవాలి, పెద్దగా కాదు, మెల్లగా. రాని మాట దగ్గర ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగి, అప్పుడే సాయం చేయండి. ప్రతి పేరా తర్వాత ఒకే ఒక్క వాక్యంలో "ఏం జరిగింది" అని చెప్పించండి.

నాలుగో రోజు: ప్రశ్నలు. వీటి గురించి కింద విడిగా రాశాం.

ఐదో రోజు: తిరిగి చెప్పడం. పుస్తకం లేకుండా కథ చెప్పించండి. అమ్మమ్మకు ఫోన్ చేసి చెప్పినా సరే. చిన్న పిల్లలకు ముందుగా ఆరు బొమ్మలు గీయించి వరసలో పెట్టించండి: బండి, తాకట్టు, దొంగలు, గట్టు, చీటీ, రాయి. వరస తప్పితే కారణాలు తప్పుతాయి. చీటీ ముందా, దెబ్బ ముందా? ఆ ఒక్క వరసలోనే కథంతా ఉంది.

నాలుగు రకాల ప్రశ్నలు

టాఫీ రాఫెల్ అనే అమెరికా విద్యావేత్త 1980లలో ఒక మంచి పద్ధతి చెప్పారు. జవాబు ఎక్కడ దొరుకుతుందో దాన్ని బట్టి ప్రశ్నలను విడదీయాలి. అది పిల్లలకు తెలిస్తే ప్రతి జవాబు కోసం పేజీలోనే వెతుక్కుంటూ కూర్చోరు.

ఒకటి, అక్కడే ఉన్న జవాబు. వ్యాపారి ఎంత అప్పు అడిగాడు? దొంగలు ఎంతమంది? వేలు పెట్టి చూపించవచ్చు.

రెండు, కలిపి చూడాల్సిన జవాబు. మల్లి షావుకారికి చేసిన మేలేంటి? దీనికి మూడు చోట్ల చదవాలి: వెనకే వెళ్ళడం, చెంగు లాగడం, మట్టి తవ్వడం.

మూడు, రచయితా నువ్వూ కలిసి చెప్పాల్సిన జవాబు. మల్లి దొంగల్ని చూసి ఎందుకు మొరగలేదు? కథ చెప్పలేదు. దొంగలు నలుగురు, మల్లి ఒక్కతే. మొరిగితే కొట్టేవాళ్ళు, మూట ఎక్కడ దాచారో తెలిసేది కాదు. కథలోని ఆధారం, మన ఆలోచన కలిస్తే జవాబు. రెండు రోజులు అన్నం ఎందుకు ముట్టలేదు? ఇదీ ఆ రకమే.

నాలుగు, నీలోనే ఉన్న జవాబు. నువ్వు ఎప్పుడైనా విషయం పూర్తిగా తెలుసుకోకుండా ఎవరిమీదైనా కోప్పడ్డావా? దీనికి పుస్తకంలో జవాబు ఉండదు. తప్పొప్పులు ఉండవు.

పరీక్షల్లో ఎక్కువగా వచ్చేవి మొదటి రకం ప్రశ్నలే. అందుకని ఇంట్లో కూడా అవే అడుగుతూ పోతే పిల్లలు కథను చదవకుండా, ప్రశ్నలోని మాటను కథలో వెతికి, దాని పక్కనున్న మాటను జవాబుగా రాసేస్తారు. మార్కులు వస్తాయి, అర్థం రాదు. ఇంట్లో అడిగే ప్రశ్నల్లో కనీసం సగం మూడో రకానివి అయ్యేలా చూడండి.

చూసింది వేరు, అనుకున్నది వేరు

మూడో తరగతి దాటిన పిల్లలతో ఈ ఒక్క పని తప్పకుండా చేయించండి. నోటుబుక్కులో పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు "వ్యాపారి చూసింది", కుడివైపు "వ్యాపారి అనుకున్నది" అని రాయించండి.

ఎడమవైపు వచ్చేవి: కుక్క దారిలో ఎదురొచ్చింది, తోక ఊపుతోంది, మీదికి దూకింది. కుడివైపు వచ్చేవి: పారిపోయి వచ్చింది, మాట తప్పింది, నా పరువు పోయింది. తర్వాత అడగండి: "పారిపోయిన కుక్క యజమానిని చూసి తోక ఊపుతుందా?" ఎడమవైపు ఉన్న ఆధారమే కుడివైపు మాటను తప్పని చెప్తోంది. అది అతని కళ్ళ ముందే ఉంది. మెడలో చీటీ కూడా కళ్ళ ముందే ఉంది.

ఇక్కడ పిల్లలు సాధారణంగా "వ్యాపారి చెడ్డవాడు" అని తేల్చేస్తారు. అప్పుడు ఒక వాక్యం మళ్ళీ చదివించండి: "అదే రోజు వ్యాపారి డబ్బు మూట కట్టుకుని షావుకారు ఊరికి బయలుదేరాడు." ఎందుకు బయలుదేరాడు? అప్పు తీర్చడానికి. అంటే అతను మాట మీద నిలబడే మనిషే. మాట మీద అంత పట్టింపు ఉంది కాబట్టే మల్లి మాట తప్పిందనుకుని అంత కోపం వచ్చింది. మంచివాడు కూడా తొందరపడితే ఇంత పని చేయగలడని పిల్లలకు అర్థమైన రోజు, వాళ్ళు కథను నిజంగా చదివినట్టు.

"నీతి ఏంటి?" అని చివర్లో అడిగి ముగించే అలవాటు మనందరికీ ఉంది. "తొందరపాటు పనికిరాదు" అని పిల్లలు టక్కున చెప్పేస్తారు. ఆ వాక్యం కథ చదవకపోయినా చెప్పొచ్చు. నీతి అడగాలనుకుంటే వెంటనే "కథలో ఏ వాక్యం చూసి అలా అంటున్నావు?" అని కూడా అడగండి.

కథలో దుఃఖం ఉంటే

మల్లి చనిపోయిన చోట కొందరు పిల్లలు ఏడుస్తారు. అర్థమైంది కాబట్టే ఏడుస్తున్నారు. "కథే కదా" అని కొట్టిపారేయకండి, ముగింపు మార్చి అబద్ధం చెప్పకండి. కాసేపు ఆగి, ఎవరి గురించి బాధగా ఉందో అడగండి. కొందరు మల్లి అంటారు, కొందరు వ్యాపారి అంటారు. ఒకటో తరగతి పిల్లలకు మరీ బరువుగా అనిపిస్తే, చీటీ కట్టి పంపిన చోట ఆ ఏడాదికి ఆపేసి, మిగతాది పెద్దయ్యాక చదవొచ్చు.

తెలుగు చదవడం రాని తల్లిదండ్రులకు

మనలో చాలామంది తమిళ మాధ్యమంలో చదువుకున్నాం. తెలుగు మాట్లాడతాం, చదవలేం. "మాకే రాదు, పిల్లలకేం చెప్తాం" అని వెనక్కి తగ్గకండి. నిజానికి మీకు ఒక లాభం ఉంది. చదవడం వచ్చిన వాళ్ళు అడిగినప్పుడు, జవాబు వాళ్ళకు ముందే తెలుసని పిల్లలకు తెలుసు. మీరు అడిగినప్పుడు మీకు నిజంగానే తెలియదు. "చీటీలో ఏం రాసుంది? నాకు చదివి చెప్పు" అంటే పిల్లలు మీకు అర్థమయ్యేలా చెప్పి తీరాలి. అర్థం చేసుకోకుండా అలా చెప్పలేరు. మీకు అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పు" అనండి. ఇరవై నిమిషాలు పక్కన కూర్చోవడమే మీ పని.

మన ఊరి కుక్క: సమాచారం చదవడం

కథ చదివినట్టే సమాచారం చదవకూడదు. ఈ చిన్న పేరాతో సాధన చేయించండి.

"రాజపాళయం కుక్క మన విరుదునగర్ జిల్లాకు చెందిన జాతి. ఒళ్ళు తెల్లగా, ముక్కు గులాబీ రంగులో ఉంటుంది. పూర్వం దీన్ని అడవి పందుల వేటకు, ఇంటి కాపలాకు పెంచేవారు. తెల్ల రంగే కావాలని ఎంచి పెంచడం వల్ల ఈ జాతిలో కొన్ని పిల్లలు చెవుడుతో పుడతాయి. 2005 జనవరి 9న తపాలా శాఖ నాలుగు భారతీయ కుక్క జాతుల మీద తపాలా బిళ్ళలు విడుదల చేసింది. వాటిలో రాజపాళయం ఒకటి. మిగతావి ముధోల్ హౌండ్, రాంపూర్ హౌండ్, హిమాలయన్ షీప్‌డాగ్."

అడగాల్సినవి: కొన్ని కుక్కపిల్లలకు చెవుడు ఎందుకు వస్తుంది? తపాలా బిళ్ళ మీద వేశారంటే ఈ జాతి గురించి మనకేం తెలుస్తుంది? మల్లి కథకూ, దీనికీ తేడా ఏంటి? దీంట్లో ఏవి నిజమో కాదో వేరే చోట చూసి తెల్చుకోవచ్చా? కథలో అలా చేయగలమా?

తర్వాత చదవదగ్గ కథలు

పంచతంత్రంలోని ముంగిస కథ. బిడ్డను పాము నుంచి కాపాడిన ముంగిసను నోటి రక్తం చూసి చంపేస్తారు. మల్లి కథతో పక్కపక్కన పెట్టి, ఏవి ఒకేలా ఉన్నాయో, ఏవి వేరో రాయించండి. వేల్స్ దేశంలోని బెడ్‌గెలర్ట్ అనే ఊళ్ళో కూడా గెలర్ట్ అనే వేటకుక్క మీద ఇదే రకం కథ ఉంది. అక్కడ పాము బదులు తోడేలు.

మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వం. ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. మల్లి కథలో కుక్క విశ్వాసం చూశాం. ఇక్కడ మనిషి విశ్వాసం చూస్తాం.

జపాన్‌లోని హచికో. ఇది జరిగిన సంగతి. టోక్యోలో ప్రొఫెసర్ ఉయెనో 1925 మే 21న చనిపోయారు. ఆయన కుక్క హచికో 1935 మార్చి 8న చనిపోయేదాకా షిబుయా రైల్వే స్టేషన్ దగ్గర ఎదురుచూస్తూనే ఉంది. ఎన్నేళ్ళు ఎదురుచూసిందో పిల్లల్నే లెక్క కట్టమనండి.

ఒక జాగ్రత్త

కుక్క కథలు చదివాక పిల్లలు వీధి కుక్కల దగ్గరికి ప్రేమగా వెళ్తారు. తెలియని కుక్కను ముట్టుకోవద్దని, తింటున్న కుక్క దగ్గరికి, పిల్లలున్న తల్లికుక్క దగ్గరికి వెళ్ళొద్దని చెప్పండి. కరిచినా, గీరినా ఇంట్లో దాచకూడదని ముందే చెప్పి ఉంచండి. వెంటనే పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పసుపు, సున్నం, కారం పూయకూడదు.

పిల్లలకు: ఈ వారం మీ పని

1. "మెడలో చీటీ" కథను మీ ఇంట్లో తెలుగు చదవడం రాని ఒకరికి చదివి వినిపించండి. వాళ్ళు అడిగిన ప్రశ్నల్లో మీకు జవాబు తెలియనిది ఒకటి రాసుకోండి.

2. మూడో రకం ప్రశ్న ఒకటి మీరే తయారు చేయండి. జవాబు కథలో నేరుగా ఉండకూడదు, కానీ ఆధారం ఉండాలి.

3. తెలుగులో ఒక అర్థం, తమిళంలో ఇంకో అర్థం ఉన్న మాట ఒకటి పట్టుకోండి. "అవసరం", "పసి" కాకుండా. తాతయ్యను, నాయనమ్మను అడగండి.

4. వ్యాపారి రాయి మీద ఏం చెక్కించి ఉంటాడు? రెండు వాక్యాలకు మించకుండా రాయండి. మల్లి ఏం చేసిందో, తను ఏం చేశాడో రెండూ అందులో ఉండాలి.

నోటుబుక్కులో రాసి మీ తెలుగు టీచరుకు చూపించండి. అక్షర దోషాలకు భయపడకండి. ముందు అర్థం రాయండి, దిద్దుకోవడం తర్వాత చూద్దాం.